ఇంటి పనిబల్లకు ఏకముఖ విద్యుత్తు

పాఠ్యభాగ పరిచయం

నిత్యజీవితంలోని ఒక చిన్న అవసరాన్ని శాస్త్రదృష్టితో పరిశీలిస్తే ఎన్నో విషయాలు బోధపడతాయి. సోంపేట వంటి ఊరిలో విద్యుత్ పరికరాల మరమ్మతు నేర్చుకొనే విద్యార్థికి అధిక ప్రవాహాన్నిచ్చే ఏకముఖ విద్యుత్ జనకం తక్కువ ఖర్చులో ఏ విధంగా సమకూరుతుందో ఈ పాఠం వివరిస్తుంది. ఆ ప్రయత్నంలో ఎక్కడ పొదుపు చేయవచ్చో, ఎక్కడ చేయరాదో కూడా తెలుపుతుంది.

పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉత్తరభాగాన సముద్రతీరం వెంబడి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో అలరారే ప్రాంతం ఉద్దానం. ఉద్యానమనే మాటే జనవ్యవహారంలో ఉద్దానంగా మారిందని పెద్దలు చెబుతారు. సోంపేట ఈ ప్రాంతంలోని ఒక ముఖ్యమైన పట్టణం. తోటలకు చల్లని గాలినిచ్చే సముద్రమే అప్పుడప్పుడు తుఫానులను కూడా మోసుకొని వస్తుంది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు తోటలు నేలమట్టమయ్యాయి. విద్యుత్ స్తంభాలు వేల సంఖ్యలో కూలిపోయాయి. అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయాయి. గోడకు బిగించిన సాకెట్టులో విద్యుత్తు లేనప్పుడు బ్యాటరీలో నిలవ ఉన్న విద్యుత్తు ఎంత విలువైనదో అటువంటి రోజుల్లోనే తెలుస్తుంది.

బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. వాడుకలో దీనిని డి.సి. అంటారు. ఇది ఎల్లప్పుడూ ఒకే దిశలో ప్రవహిస్తుంది. ఇళ్లకు సరఫరా అయ్యేది ఏకాంతర విద్యుత్తు, అనగా ఎ.సి. దీని వోల్టేజి 230. ఇది సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది. అయితే సెల్‌ఫోను, రేడియో, కంప్యూటరు, ఎల్.ఇ.డి. దీపం మొదలైనవన్నీ లోపల డి.సి. మీదనే పనిచేస్తాయి. కారులోని సౌండు సిస్టము, ఆటో దీపాలు, చేపల పడవలోని జి.పి.ఎస్. పరికరం నేరుగా బ్యాటరీ నుండి డి.సి.ని గ్రహిస్తాయి. కాబట్టి ఇటువంటి పరికరాలను బాగుచేయదలచిన వారి పనిబల్ల మీద నమ్మదగిన డి.సి. జనకం ఒకటి ఉండి తీరాలి.

ఈ అవసరం జీవనోపాధికి మాత్రమే పరిమితం కాదు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తినప్పుడు భారతీ ప్రసాద్ అనే హామ్ రేడియో నిర్వాహకురాలు తన బృందంతో పోర్టుబ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఆ బృందం అక్కడికి వెళ్లింది. టెలిఫోను సౌకర్యాలు దెబ్బతిన్న ఆ సమయంలో ఆ బృందం రేడియో ద్వారా దీవుల సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది. అటువంటి దూరప్రసార రేడియో సాధారణంగా 13.8 వోల్టుల డి.సి. మీద పనిచేస్తుంది. 100 వాట్ల సామర్థ్యంతో ప్రసారం చేసేటప్పుడు సుమారు 20 ఆంపియర్ల ప్రవాహాన్ని కోరుతుంది. ఆ రేడియో నడపడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అవసరం. తుఫానుల తీరంలో నివసించే యువతరానికి ఈ విద్య ఎంతగానో ఉపకరిస్తుంది.

అధిక ప్రవాహం అంటే ఎంత? సెల్‌ఫోను మరమ్మతు దుకాణాల్లో కనిపించే చిన్న డి.సి. యంత్రం సాధారణంగా 5 ఆంపియర్లకు మించి ఇవ్వదు. మోటారు వాహనపు 60 వాట్ల ముందుదీపం ఒక్కటే 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకొంటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయన్న చిన్న సూత్రంతో దీనిని లెక్కించవచ్చు. 100 వాట్ల డి.సి. మోటారు తిరిగేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకొన్నా, కదలడం ఆరంభించే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు కోరుతుంది. ఈ కారణాల వల్ల పనిబల్లకు 20 నుండి 30 ఆంపియర్ల జనకం కావాలనిపించడం సహజం. అంగడిలో అంతటి ప్రవాహాన్నిచ్చే ప్రయోగశాల యంత్రం ధర విద్యార్థికి అందుబాటులో ఉండదు. కావున చవక మార్గాలను అన్వేషించవలసి వస్తుంది. అటువంటి మార్గాలు ముఖ్యంగా ఐదు.

మొదటిది ట్రాన్స్‌ఫార్మరు మార్గం. ఇది పాఠ్యపుస్తకాలలో కనిపించే పద్ధతి. ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను తగ్గిస్తుంది. నాలుగు డయోడ్ల వంతెన దానిని ఏకముఖం చేస్తుంది. కెపాసిటరు హెచ్చుతగ్గులను సరిచేస్తుంది. కాగితం మీద ఇది సులభమే. కాని 20 ఆంపియర్ల వద్ద లెక్క మారిపోతుంది. వంతెన నుండి విద్యుత్తు సెకనుకు 100 పర్యాయాలు ఉప్పొంగుతుంది. రెండు పొంగుల నడుమ సెకనులో నూరవ వంతు కాలం కెపాసిటరే 20 ఆంపియర్లను ఇవ్వాలి. ఆలోగా వోల్టేజి 2 వోల్టులకు మించి పడిపోకూడదనుకొంటే సుమారు 1,00,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు కావాలి. వంతెనలో ఒక్కసారికి రెండు డయోడ్ల గుండా ప్రవాహం సాగుతుంది. ఒక్కొక్కదానిలో ఒక వోల్టు చొప్పున పోయినా 40 వాట్ల ఉష్ణం వెలువడుతుంది. దానిని వెదజల్లడానికి పెద్ద అల్యూమినియం పలక ఉండాలి. రాగితీగ ధర వల్ల ట్రాన్స్‌ఫార్మరు ఖరీదు కూడా ఎక్కువే. అయినా ఇది దృఢమైనది, ఎవరైనా బాగుచేయగలిగినది, రేడియోకు రొద కలిగించనిది. పాత ఇన్వర్టరు లేదా స్టెబిలైజరు నుండి మంచి ట్రాన్స్‌ఫార్మరు దొరికిన వారికి ఈ మార్గం తగినదే.

రెండవది పాత కంప్యూటరు మార్గం. మూలనపడిన కంప్యూటరు పెట్టెలో ఒక చిన్న ఇనుప డబ్బా ఉంటుంది. దానిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఇందులో పసుపు తీగలు 12 వోల్టులను, ఎర్ర తీగలు 5 వోల్టులను, నారింజ తీగలు 3.3 వోల్టులను ఇస్తాయి. నల్ల తీగలు అన్నింటికీ ఉమ్మడి మైనస్. ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే ఆ డబ్బా పనిచేయడం ఆరంభిస్తుంది. డబ్బా మీద అతికించిన చీటీలో ఏ వోల్టేజికి ఎన్ని ఆంపియర్లో ముద్రించి ఉంటుంది. కొనే ముందు చదవవలసినది ఆ చీటీనే. పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉన్నంత మాత్రాన అవన్నీ 12 వోల్టుల తీగలకు దక్కవు. అందులో కొంత భాగం ఎరుపు, నారింజ తీగలకు కేటాయించి ఉంటుంది. అంతేకాక, చాలా పాత డబ్బాలలో ఎర్ర తీగ మీద కొంత భారం లేకపోతే పసుపు తీగ వోల్టేజి సరిగా నిలవదు. అందుచేత ఎర్ర తీగకు ఒక నిరోధాన్ని తగిలించే అలవాటు ఏర్పడింది. 10 నుండి 15 ఆంపియర్లు చాలుననుకొనేవారికి ఇంతకంటె చవకైన మార్గం లేదు.

మూడవది సర్వరు మార్గం. బ్యాంకులు, కంపెనీలు వాడే పెద్ద కంప్యూటర్లను సర్వర్లంటారు. వాటి విద్యుత్ డబ్బాలు ముఖ్యంగా 12 వోల్టులను మాత్రమే ఇస్తాయి. 460 వాట్ల డబ్బా 38 ఆంపియర్లను, 750 వాట్ల డబ్బా 60 ఆంపియర్లకు పైగా ఇవ్వగలవు. సర్వర్లను మార్చినప్పుడు ఈ డబ్బాలు పాతసామాను అంగళ్లకు చేరుతాయి. నాణ్యతతో పోల్చితే వీటి ధర ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. కాని వీటిని పనిచేయించే పద్ధతి తయారీదారును బట్టి మారుతుంది. ఏ పిన్నును దేనితో కలపాలో ఆ నమూనాకు సంబంధించిన వివరం చేతిలో లేనిదే వీటిని కొనరాదు. వీటి పంకా చేసే శబ్దం కూడా ఎక్కువే. రెండు డబ్బాలను వరుసగా కలిపి 24 వోల్టులు సాధించవచ్చునని కొందరు చెబుతారు. సాధారణంగా వీటి మైనస్ డబ్బా లోహానికి, దాని ద్వారా ఎర్తుకు కలిసి ఉంటుంది. కనుక అలా కలిపితే ఒక డబ్బా షార్టవుతుంది. దానిని తప్పించడానికి ఎర్తు తీగను తెంచమనే సలహా ప్రాణాపాయకరమైనది. 24 వోల్టులు కావలసినవారు 24 వోల్టుల జనకాన్నే వెదకాలి.

నాల్గవది కొత్త ఎస్.ఎం.పి.ఎస్. మార్గం. దుకాణాల ఎల్.ఇ.డి. బోర్డుల వెనుక చిల్లుల ఇనుప రేకుతో చేసిన పలుచని పెట్టె కనిపిస్తుంది. ఇది 12 వోల్టులు, 30 ఆంపియర్ల వరకు దొరుకుతుంది. దీని మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దానిని తిప్పి వోల్టేజిని సాధారణంగా పదవ వంతు మేరకు పెంచవచ్చు లేదా తగ్గించవచ్చు. కొత్తది కాబట్టి ఎంత కాలం వాడిందో తెలియదన్న చింత ఉండదు. అయితే పేరులేని చవక పెట్టెలు చీటీ మీద ఉన్న ప్రవాహాన్ని ఎక్కువసేపు భరించలేవు. 30 ఆంపియర్లని ఉన్నదానిని 20 ఆంపియర్లకు మించకుండా వాడడం వివేకం. మరో విషయం గమనార్హం. ఈ పెట్టెలో 230 వోల్టుల స్క్రూలు, 12 వోల్టుల స్క్రూలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మీద చేయి తగలని మూత బిగించనిదే పనిబల్ల మీద పెట్టరాదు.

ఐదవది బ్యాటరీ మార్గం. అధిక ప్రవాహం ఎంతసేపు కావాలన్న ప్రశ్నను చాలామంది వేసుకోరు. రేడియో ప్రసారం అరనిమిషం సాగి ఆగుతుంది. మిగతా కాలమంతా వినడమే. వినేటప్పుడు దానికి ఒకటి రెండు ఆంపియర్లు చాలు. మోటారు ఆరంభ ప్రవాహం క్షణకాలమే. ఇటువంటి పనులకు 30 ఆంపియర్ల యంత్రం అక్కరలేదు. 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, దానికి తగిన చిన్న చార్జరు ఒకటి ఉంటే చాలు. చార్జరు కొద్దికొద్దిగా నింపుతుంది; బ్యాటరీ అవసరమైనప్పుడు ఒక్కసారిగా ఇస్తుంది. ఊరి చెరువులో వాననీరు నిలవ చేసి సాగు వేళ తూము తెరవడం వంటిదే ఇది. ఇన్వర్టరు ఉన్న ఇంటిలో ఇటువంటి బ్యాటరీ ముందే ఉంటుంది. 150 ఆంపియర్-గంటల బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకుండా వాడినా 20 ఆంపియర్లను సుమారు మూడు గంటలపాటు ఇస్తుంది. స్తంభాలు కూలిన రోజున కూడా ఇది పనిచేస్తుంది. తక్కిన నాలుగు మార్గాలలో దేనికీ ఈ గుణం లేదు. తుఫానుల తీరంలోని పనిబల్లకు ఇది మొదట ఆలోచించవలసిన మార్గం.

బ్యాటరీకి దాని ప్రమాదాలు దానికున్నాయి. దాని రెండు కొసల నడుమ పానా జారిపడితే వందల ఆంపియర్ల ప్రవాహం సాగి ఇనుము ఎర్రబడుతుంది. చేతి ఉంగరం తగిలితే వేలు కాలుతుంది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కనుక గాలి ఆడే చోటనే దానిని ఉంచాలి. దగ్గర నిప్పురవ్వ ఉండరాదు. చార్జరును మాత్రమే పెట్టుకొని బ్యాటరీ లేకుండా పరికరాలను నడపడం కూడా తగదు. సాధారణ చార్జరు ఇచ్చే వోల్టేజిలో హెచ్చుతగ్గులు ఎక్కువ.

ఈ వస్తువులన్నీ ఎక్కడ దొరుకుతాయన్నది తరువాతి ప్రశ్న. మొదట ఊరిలోనే అడగాలి. కంప్యూటరు మరమ్మతు దుకాణంలో మదర్‌బోర్డు చెడిపోయిన పెట్టెలు ఉంటాయి; వాటిలోని ఎస్.ఎం.పి.ఎస్. చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. దుకాణంలోనే దానిని ఆన్ చేయించి చూసి తీసుకొనే సౌలభ్యం అక్కడ ఉంది. సోంపేట రైల్వే స్టేషను హౌరా-చెన్నై మార్గంలో కంచిలి వద్ద ఉంది. అక్కడినుండి ఉత్తరాన బరంపురానికి, దక్షిణాన విశాఖపట్నానికి ప్రయాణం తేలిక. అక్కడా లభించని విడిభాగాలకు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధి. కళాశాలలు, కార్యాలయాలు తమ పాత కంప్యూటర్లను ఇష్టం వచ్చినవారికి అమ్మరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పెద్దయెత్తున వాడే సంస్థలు ఈ-వ్యర్థాలను నమోదైన సంస్థలకే అప్పగించాలి. కాబట్టి బిల్లు ఇచ్చే దుకాణంలో కొనడం శ్రేయస్కరం.

మార్గం ఏదైనా కొన్ని విషయాలలో పొదుపు పనికిరాదు. మొదటిది తీగ. ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.012 ఓముల నిరోధం ఉంటుంది. పోనురాను రెండు మీటర్ల తీగలో 20 ఆంపియర్లు ప్రవహిస్తే దాదాపు అరవోల్టు దారిలోనే పోతుంది, తీగ వేడెక్కుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఆ నష్టం 0.2 వోల్టు లోపే ఉంటుంది. రెండవది కలయిక. వదులుగా ఉన్న స్క్రూ వద్ద 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకొంటే 20 ఆంపియర్ల వద్ద అక్కడ 40 వాట్ల ఉష్ణం పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుందన్న విషయం తెలిసినవారికి దీని తీవ్రత వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్దానం గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ కాబట్టి కొసలు త్వరగా చిలుమెక్కుతాయి. వాటిని తరచుగా తుడిచి బిగించాలి. బ్యాటరీ కొసలకు వాజిలైన్ పూయాలి.

మూడవది ఫ్యూజు. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు. కాని ఇంటిని తగులబెట్టగలవు. మోటారు వాహనాలలో వాడే 25 ఆంపియర్ల ఫ్యూజు ఏ ఆటో విడిభాగాల దుకాణంలోనైనా అతి తక్కువ ధరకు దొరుకుతుంది. దానిని బ్యాటరీ ప్లస్ కొసకు వీలైనంత దగ్గరలో అమర్చాలి. నాల్గవది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గు, సక్రమమైన ఎర్తు లేకుండా ఇనుప డబ్బాను వాడరాదు. ఎర్తు లేని డబ్బాను ముట్టుకొంటే చేయి జిల్లుమంటుంది. అది నిర్లక్ష్యం చేయరాని హెచ్చరిక. ఎస్.ఎం.పి.ఎస్. లోపలి కెపాసిటరులో సుమారు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అవి కొంతసేపు నిలిచి ఉంటాయి. కనుక అనుభవం లేనివారు ఆ డబ్బాను విప్పరాదు.

తెచ్చిన జనకాన్ని పరీక్షించకుండా విలువైన పరికరానికి తగిలించరాదు. మోటారు వాహనపు 55 వాట్ల బల్బులు ఇందుకు బాగా ఉపకరిస్తాయి. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకొంటుంది. నాలుగింటిని సమాంతరంగా కలిపితే 18 ఆంపియర్ల భారం సిద్ధమవుతుంది. చల్లని తంతువు మొదటి క్షణంలో ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది కాబట్టి వాటిని ఒకదాని తరువాత ఒకటి వెలిగించాలి. అరగంట సేపు వెలిగించి వోల్టేజి ఎంత తగ్గిందో, ఏ కలయిక వేడెక్కిందో చూడాలి. సాధారణ మల్టీమీటరు 10 ఆంపియర్లకు మించి కొలవలేదన్న సంగతిని మరువరాదు.

ఈ విధంగా పరిశీలిస్తే చవక అనే మాటకు అర్థం స్పష్టమవుతుంది. ధరచీటీ మీద తక్కువ అంకె ఉన్నది చవక కాదు. అవసరాన్ని లెక్కించి, దానికి సరిపోయినదాన్ని ఎన్నుకొని, మిగిలిన డబ్బును తీగకు, ఫ్యూజుకు, ఎర్తుకు వెచ్చించడమే నిజమైన పొదుపు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని ఓమ్ నియమం, ఉష్ణోత్పత్తి సూత్రం పరీక్షల కొరకు మాత్రమే కాక, ఒక పనిబల్లను సురక్షితంగా నిలబెట్టడానికి కూడా పనికివస్తాయి. అటువంటి పనిబల్ల ఒకటి ఊరిలో ఉంటే తుఫాను మరునాడు పొరుగింటి సెల్‌ఫోను చార్జి అవుతుంది. ఆసుపత్రికి కబురు అందుతుంది.

అర్థాలు

అలరారు = ప్రకాశించు, అందంగా ఉండు
ఆవర్తనం = మరల మరల జరగడం
అన్వేషించు = వెదకు
గమనార్హం = గమనించదగినది
శ్రేయస్కరం = మేలు కలిగించేది
చిలుము = లోహం మీద పట్టే మలినం
తూము = చెరువు నీటిని విడిచే ద్వారం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అధిక ప్రవాహాన్నిచ్చే డి.సి. జనకాన్ని సమకూర్చుకోవడానికి గల ఐదు మార్గాలను పోల్చి రాయండి.
2. ఏయే విషయాలలో పొదుపు పనికిరాదో కారణాలతో వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. తుఫానుల తీరంలో బ్యాటరీ మార్గాన్ని మొదట ఆలోచించాలని ఎందుకు చెప్పారు?
2. పాత కంప్యూటరు ఎస్.ఎం.పి.ఎస్. కొనే ముందు చూడవలసినవి ఏవి?
3. 36 వాట్ల దీపం 12 వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు తీసుకొంటుంది? అటువంటి దీపాలు ఐదింటికి ఎంత ప్రవాహం కావాలి?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. చార్జరు కొద్దికొద్దిగా నింపుతుంది; బ్యాటరీ అవసరమైనప్పుడు ఒక్కసారిగా ఇస్తుంది.
2. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు. కాని ఇంటిని తగులబెట్టగలవు.